అమెరికాలో సారా లేదనుకున్నా

— అమ్మమ్మా, నిన్న నేను హిస్టరీ చాప్టర్ చదువుతుంటే సడన్‌గా లేచి ఇండియాకి ఫోన్ చేసి, భారతి ఆంటీ మీద అరిచావు కదా. వాట్ హ్యాపెండ్? మొత్తం చెప్పు, రికార్డ్ చేస్తున్నా.

పెట్టినావా? ఎర్ర చుక్క వెలగతా ఉందా? సరే, ఆ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టు. ఈనెలు తీస్తా చెప్తా, మీ అమ్మ ఆఫీసు నించి వచ్చేలోగా కూర ఎక్కాల. అరవలేదు మే నేను. ఎప్పుడన్నా అరుస్తానా? సరే, అరిచినాలే. అరవనా మరి? నువ్వు చదివిన ముక్క ఏంది? రెండు పెద్ద యుద్ధాల నడిమి అమెరికా కథ గదా అది? దేశమంతా సారా, బ్రాందీ, బీరు అన్నీ బందు పెట్టినారు, దానికి ఆడోళ్ళే ముందు నడిచినారు అని చదివినావు. నేను ఈ సోఫాలోనే కూచోని తలకాయ ఊపతా ఉండా, తెలిసిన కథే గదా అని. అప్పుడు నువ్వు పేజీ తిప్పి ఏమన్నావు? పదమూడేళ్ళకి ఎత్తేసినారు అన్నావు! ఎత్తేసినారు!

మేఘనా, తల్లీ, నీకు తెలవదు. ముప్పై ఏళ్ళ పైన అయింది, నా లెక్కలో అమెరికాలో చుక్క మందు లేదు. అట్టాంటి దేశం ఒకటి ఉండాదని నేను దేవుడికి దీపం పెట్టినట్టు నమ్మినా. నవ్వు, నవ్వు. మీ అమ్మ కూడా రాత్రి అన్నం కాడ పొలమారేదాకా నవ్వింది. సినిమాల్లో అమెరికావోళ్ళు తాగతారు గదా అంటావా? సినిమాల్లో మనిషి ఎగరతాడు, నిజంగా ఎగరతాడా?

ఇంకోటి చెప్తా, మీ నాన్నకి చెప్పమాక. మీ అమ్మకి రెండు సంబంధాలు వచ్చినాయి. ఒకటి అమెరికా పిల్లోడు, ఇంకోటి మీ నాన్న, సిడ్నీ. నేను అడ్డం పడినా. ఆస్ట్రేలియా వద్దంటే వద్దు, ఆడ క్రికెట్ చూస్తా బీరు తాగతారు, టీవీలోనే చూపిస్తారు, అమెరికా అయితే ఆ బాధే లేదు అని. ఊళ్ళో ఏమన్నారు? రమణమ్మకి అమెరికా మోజు అన్నారు. మోజా నా బొందా! మీ అమ్మ వినలా. పాపం మీ నాన్న, కాఫీ కూడా పలచగా తాగే మనిషి. నేను ఈ రౌస్ హిల్‌కి వచ్చిన కొత్తలో, ఆయప్ప మెట్రో దిగి ఇంటికొస్తే గుమ్మం కాడికి ఎదురెళ్ళి వాసన పట్టేదాన్ని. అత్తగారికి నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాడంట!

యాడ ఉండా? ఆఁ, భారతి.

మాది గూడూరు తట్టు గదా, అంతా నిమ్మతోటలు. మీ తాత నిమ్మకాయల మూటలు ఎత్తే పని. మంచోడు మే. తాగనప్పుడు ఆయనంత మంచోడు లేడు, మీ అమ్మని భుజం మీద కూచోబెట్టుకోని తోటంతా తిప్పేవోడు. అయితే తాగని పొద్దు యాడుంది? సారా పాకెట్లు వచ్చినాయి అప్పుడు, ప్లాస్టిక్ సంచుల్లో, పాల పాకెట్ల మాదిరి. పాకెట్టు ఆరు రూపాయలు, నాకు రోజంతా కాయలు ఏరితే పదో పన్నెండో. పొద్దున్నే కూలోళ్ళు పనికి పొయ్యే టయానికే దుకాణం తెరిచేవోళ్ళు. ఇంట్లోకి బియ్యం రావు, పాకెట్లు వస్తాయి. మీ అమ్మ అప్పుడు ఆరో తరగతి. ఆ యేడు ఆమెని బడి మాన్పించి నాతో కాయలు ఏరేదానికి పంపిస్తానని మేస్త్రీకి మాటిచ్చినాడు మీ తాత. నేను సరే అన్నా. అన్నానమ్మా, అబద్ధం ఎందుకు? పొయ్యిలో పిల్లి లేస్తే గదా బడి.

అప్పుడే ఈ భారతి వచ్చింది. ఇంటరు చదివిన పిల్ల, మాకు అక్షరాలు నేర్పను పెట్టినారు. మధ్యాన్నం కాయలు ఏరడం అయినాక గోతాల మీదనే కూచోబెట్టి నేర్పేది. నేను మా ఇంటి పేరు రాసేదానికి పద్దెనిమిది దినాలు పట్టింది. పద్దెనిమిదా, ఇరవయ్యా... ఏదో ఒకటిలే. ఆ పలకల కాడ మాటలు ఎట్టెట్టనో సారా మీదికే పొయ్యేవి. పలక పట్టిన ప్రతి ఆడదానికీ ఇంట్లో ఒక కత ఉండాది గదా. ఒకరోజు దుకాణం మూయించాల అనుకున్నాం. పెంచలమ్మని మా పక్కింటామె ఉండేది, నోరు పెద్దది, గుండె చిన్నది. ఆమె అడిగింది: "మనట్టాంటోళ్ళతో అయ్యే పనేనా? ఎవురన్నా చేసినారా ఎప్పుడన్నా?"

భారతి చెప్పింది: "చేసినారక్కా. అమెరికాలో చేసినారు. ఆడోళ్ళు పొయ్యి తాగే దుకాణాల ముందర మోకాళ్ళ మీద కూచోని ప్రార్థన చేసినారు. మొగోళ్ళు నీళ్ళు పోసినారు, ఎగతాళి చేసినారు, అయినా లేవలా. కడాకు దేశమంతా మూతబడేటట్టు చట్టమే వచ్చింది." మా నోళ్ళు తెరుచుకున్నాయి అట్టనే. తెల్లోళ్ళ మొగుళ్ళు కూడా కొడతారా అని పెంచలమ్మ అడిగింది. "కొడతారక్కా" అంది భారతి. అబ్బ, ఆ మాటకి మాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను!

పాకెట్లు జీపులో వస్తాయి గదా, జీపుని ఆపాల. పొద్దున్నే ముప్పై మందిమి పొయినాము, చీపుర్లు ఎత్తుకోని, కొంగులో కారప్పొడి. కంకర రోడ్డు. అమెరికావోళ్ళు ఎట్ట చేసినారు? మోకాళ్ళ మీద. మేమూ మోకాళ్ళ మీదనే! ముప్పై మందీ! ఓరినాయనో, ఐదు నిమిషాలకి మోకాళ్ళు చిట్లి రక్తాలు. ప్రార్థన అన్నారు గదా, వాళ్ళ ప్రార్థన మాకేం తెలుసు, పెంచలమ్మ రామభజన ఎత్తుకుంది. జీపు వచ్చింది. డ్రైవరు దిగి బిత్తరపోయి చూస్తా ఉండాడు. "ఏందమ్మా, ఎవురన్నా పోయినారా?" అన్నాడు. నవ్వొచ్చింది మే, అంత భయంలో కూడా! అప్పుడు నేనే అన్నా, అమెరికావోళ్ళకి పచ్చిక ఉంటాది, మనకి కంకర, బాసింపట్టు వేసుకోండి అని. అందరం చతికిలబడి కూచున్నాం.

అప్పుడు జీపు వెనక నించి దిగినాడు మీ తాత.

ఆ పొద్దు మూటల పని లేదని పాకెట్లు దించే పనికి కుదిరినాడంట. నన్ను చూసినాడు. ఊరోళ్ళ ముందర పెళ్ళాం రోడ్డు మీద కూచోని ఉంటే మొగోడికి ఎట్ట ఉంటాది? లెయ్ అన్నాడు. లేవలా. చెయ్యెత్తినాడు. కళ్ళు మూసుకున్నా. దెబ్బ రాలా! ఎంత సేపటికీ రాలా. కళ్ళు తెరిస్తే, పక్కనే పెంచలమ్మ నిలబడి ఉంది. గుండె చిన్నదన్నానే, ఆ పెంచలమ్మే! ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు, ముప్పై మందీ లేచినారు. మీ తాత చెయ్యి అట్టనే దిగిపోయింది. పాకెట్లన్నీ కాలవలో పోసినాము, ఆ పొద్దు కాలవ కాడికి పోతే బర్రెలు కూడా తూలినాయని చెప్పుకునేవోళ్ళు, అది అబద్ధమేలే.

శనివారం మీ తాత రామాలయం కాడ కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి ఇంక తాగనని ప్రమాణం చేసినాడు. ఎవురూ బలవంతం చేయలా, ఆయనే వచ్చినాడు. ఊరూరా ఆడోళ్ళు అట్టనే లేచినారు గదా అప్పుడు, జిల్లా అంతా, కడాకు రాష్ట్రమంతా సారా, ఆ తర్వాత బ్రాందీ కూడా బందు పెట్టినారు. మేము గెలిచినాం మే! అమెరికావోళ్ళ మాదిరే గెలిచినాం అనుకున్నాం!

— బట్ అమ్మమ్మా, దట్ గాట్ రిపీల్డ్ టూ, కదా?

అయింది. ఎత్తేసినారు. సర్కారుకి డబ్బుల్లేవన్నారు. నిన్న నువ్వు చదివింది కూడా అదే గదా, అమెరికాలో కరువొచ్చి, పనుల్లేక, బ్యాంకులు మూతబడి, ప్రభుత్వానికి రాబడి కావాల్సొచ్చి తెరిచినారని? దొంగసారా, రౌడీలు, డాక్టరు చీటీ రాసిస్తే మందుగా బ్రాందీ... ఆ దొంగసారా ముక్క చదివినప్పుడు నాకు మా ఊరే కనబడింది. మాకు పక్క రాష్ట్రం నించి సైకిల్ ట్యూబుల్లో వచ్చేది. అంతా ఒకటే మే, ఆడా ఈడా!

బ్రాందీ షాపులు మళ్ళా తెరిచినాక మీ తాత ఆర్నెల్లు ఓర్చుకున్నాడు. ఆర్నెల్లు షాపు ముందర తల తిప్పుకోని నడిచినాడు, నేను చూసినా. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు. మూడేళ్ళకి లివరు పోయింది, ఆయనా పొయినాడు. నేను అప్పుడు ఏమనుకునేదాన్నో తెలుసునా? మాకే చేతగాలేదు అనుకునేదాన్ని. అమెరికా ఆడోళ్ళు నిలబెట్టుకున్నారే, మేము పోగొట్టుకున్నామే అని. ఇన్నేళ్ళూ ఆ సిగ్గు నాకు. ఈడ షాపింగ్ సెంటర్లో మందు అమ్మే బాటిల్ షాపు ముందర నడిచినా అదే గుర్తుకొచ్చేది. నిన్న నువ్వు పేజీ తిప్పితే గదా తెలిసింది, వాళ్ళూ పోగొట్టుకున్నారని!

అందుకే భారతికి ఫోన్ చేసినా. ఆమె హెడ్‌మిస్ట్రెస్ అయి, ముందుగానే రిటైరుమెంటు కూడా తీసుకుంది. "అబద్ధం చెప్పినావు గదే!" అన్నా. "అబద్ధం చెప్పలేదక్కా, సగమే చెప్పినా" అంది. ఆమెకి తెలుసంట మే, అప్పుడే తెలుసంట! అరిచినా, అరిచినా, నువ్వు విన్నావు గదా. అంతా విని, నెమ్మదిగా ఒక మాట అడిగింది: "రెండో సగం కూడా చెప్పుంటే ఆ పొద్దు రోడ్డు మీదికి వచ్చేదానివా అక్కా?" నేను ఫోన్ పెట్టేసినా. రాత్రంతా నిద్ర లేదు నాకు.

ఇదిగో, పొద్దున నీ కాగితం మీద ప్రశ్న చూసినా, నువ్వు తెలుగులో చెప్పినావు గదా, "మద్యనిషేధం విఫలమైందా, చర్చించు" అని. విఫలమైందనే రాయి. మార్కులు ఎందుకు పోగొట్టుకుంటావు? చట్టం పోయింది, నిజమే. అయితే మే, మా దుకాణం మూసిన యేడు మీ అమ్మ ఆరో తరగతి. బ్రాందీ షాపులు తెరిచిన ఎండాకాలం ఆమె టెన్త్ పరీక్షలు రాసి వచ్చింది. బడి మాన్పించే మాట మీ తాత మళ్ళా ఎత్తలా. ఆ తర్వాత ఆమెని ఆపేవోళ్ళు లేరు, పాలిటెక్నిక్ అంట, ఇంజనీరింగ్ అంట, స్కాలర్‌షిప్ అంట, ఆమే దూసుకుపొయింది. మాకు దొరికింది ఆ నాలుగేళ్ళే. పిల్లకి సరిగ్గా ఆ నాలుగేళ్ళే కావాల్సొచ్చింది! అమెరికాలో పదమూడేళ్ళు అన్నావు. పదమూడేళ్ళలో ఎంతమంది పిల్లలు బడికి పోయుంటారు! మీ బుక్కులో ఉందా అది? లేదా? చూడు మళ్ళా.

టయమెంత? నాలుగున్నరా? అయితే భారతికి మధ్యాన్నం పన్నెండు. కలుపు, ఫోన్ కలుపు. రికార్డు ఆపమాక, ఉండనీ. బాగా రాయి తల్లీ, పరీక్ష బాగా రాసి, నీ ఇష్టమొచ్చింది చదువుకో, నీ చదువుకి ఏ కాలంలోనూ ఏ అడ్డమూ రాకుండా వెయ్యేళ్ళు చల్లగా ఉండు... ఏందీ, మోగతా ఉందా? ఇటియ్యి, ఇటియ్యి.

భారతీ! నేనే, రమణమ్మక్కని. నిన్న అడిగినావు గదా మే. వచ్చేదాన్ని గాదు. రెండో సగం చెప్పుంటే, నేను వచ్చేదాన్ని గాదు. అది చెప్పేదానికే చేసినా. ఏందీ... ఏడస్తా ఉండావా? ఏడవమాక... ఇదిగో, మా మనవరాలు పక్కనే ఉంది, మాట్లాడు...