రెండో అంకె మొనగాడు

మా బావ దర్జీ. బజారులో అందరికీ మాస్టారు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే కత్తెర కంటే నోరే ఎక్కువ ఆడుతుంది.

"రేపు మన దర్జీల సంఘం అధ్యక్షుడి ఎన్నిక కదా, ఈసారి ఆ కుర్చీ నాకు కావాలి, ఎందుకివ్వాలో చెప్తా వినండి. మన పద్ధతంత గొప్ప పద్ధతి ఎక్కడా లేదు. ఒక్కడికి ఓటేసి చేతులు దులుపుకోవడం కాదు, నచ్చినవాడికి ఒకటి, ఆ తర్వాతివాడికి రెండు, అలా అంకెలెయ్యాలి. ఒకట్లు తక్కువొచ్చినవాణ్ణి తీసేసి, వాడి చీటీల్లో రెండో అంకె ఎవరికుంటే వాళ్ళకి ఆ ఓట్లు ఇచ్చేస్తారు. పోయినసారి నేనేం చేశాననుకున్నారు? ఒకటి ఎవర్నీ అడగలేదు. ఒకటి మీవాడికే వేసుకోండి, రెండు మాత్రం నాకు అన్నా. కాదన్నవాడు లేడు."

"అదీ తెలివంటే," అంది టీకొట్టు అక్క.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మీద నిలబడ్డవాళ్ళు కూడా నాకే రెండేశారక్కా. అక్కడితో ఆగిందా? అదే ఏడాది దేశాధ్యక్షుడి ఎన్నిక, అదీ ఈ పద్ధతే. చీటీలో నా పేరు లేకపోయినా జనం అడుగున రాసి మరీ రెండేశారు. ఆ దేశాధ్యక్షుడే ఫోన్ చేశాడు, మాస్టారూ, నా రెండు కూడా మీకే, దయచేసి పోటీకి రాకండి అని. సముద్రం అవతలివాళ్ళయితే కుర్చీ చేయిస్తాం, నడుం కొలత పంపమన్నారు."

"మరి వెళ్ళలేదేం?" అన్నాడు ఇస్త్రీబండి ఆయన, నిజమేననుకుని.

"చేతినిండా కుట్టుపని, ఎలా వెళ్తాను?"

నేనూ దర్జీనే. ఇక ఉండబట్టలేక అడిగాను. "బావా, నీకు ఒకట్లెన్నొచ్చాయి?"

"ఒకట్లతో పనేముందిరా?"

"ఒకట్లు తక్కువొచ్చినవాణ్ణేగా ముందు తీసేసేది? ఒక్కటీ రాలేదని అందరికంటే ముందు నిన్నే తీసేశారు. నీకొచ్చిన రెండో అంకెలు ఎవరూ చూడనే లేదు. నీ ఓటైనా నీకు ఒకటేసుకోలేదా?"

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఒకటి ఎవర్నీ అడగనని మాటిచ్చా కదరా. నాకు నేను మాత్రం ఎలా వేసుకుంటా?"

నాకు నవ్వొచ్చింది. ఇలాంటి మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

"రేపు నా ఒకటి నీకే బావా. నువ్వూ వేసుకో."

బావ వెంటనే నడుం నిటారు చేసుకుని అక్క వైపు తిరిగాడు.

"విన్నావుగా? గాలి మనవైపు తిరిగింది. ఆ దేశాధ్యక్షుడికి ముందే ఓ మాట చెప్పి ఉంచాలి, పాపం కంగారుపడతాడు."