ఆఖరి ఫారం

ఛీ, ఇదా ముగింపు! అన్ని పేజీలు రాసి, చివరికి ఆ పిల్లని తీసుకెళ్ళి మళ్ళీ మొగుడి కాళ్ళ మీద పడేశాడా? రాసినవాడు ఎదురుగా ఉంటే చెడామడా కడిగేసేదాన్ని. వింటున్నారా, ఏమండీ?

కళ్ళు మూయకండి. మూశారంటే మళ్ళీ మొదటినుంచి చదువుతాను.

ఏమండీ ఏమిటి నా మొహం! అలవాటు చావదు కదా. ఇవాళ నువ్వు అంటాను. నువ్వు, నువ్వు, నువ్వు! ఏం, పళ్ళు రాలగొడతావా? లే మరి. లేచి కొట్టు.

లేవలేవు. అంత ఎత్తు అటక దగ్గర్నుంచి వెల్లకిలా పడితే కాళ్ళు ఆడతాయా? నాలుక కొరుక్కున్నట్టున్నావు, నోరంతా రక్తం. తల ఇటు తిప్పకు, కాగితాల మీద పడుతుంది. ఇన్నేళ్ళకి దొరికాయి ఇవి నాకు.

ఎంత మోసం! బైండింగు షాపులో నీ పనితనాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఆ పనితనమంతా ఇంట్లో నా మీద చూపించావు. నేను పుస్తకం కొనుక్కున్న రోజే చాకు తీసేవాడివి. కుట్టు విప్పి, చివరి పదహారు పేజీల మడత, అదే ఆఖరి ఫారం, ఊడదీసేవాడివి. మళ్ళీ జిగురు రాసి అట్ట అతికించి, ఏమీ ఎరగనట్టు నా చేతిలో పెట్టేవాడివి.

"చెప్పిన మాట విను, చివర ఏమైందో ఇస్తా" అనేవాడివి. వినలేదా? నువ్వు కూర్చోమంటే కూర్చున్నాను, నిలబడమంటే నిలబడ్డాను. ఒక్కటిచ్చావా? పొయ్యిలో వేశానన్నావు.

వెయ్యలేదు. తాడు కట్టి అటక మీద దాచుకున్నావు. చూడు, గదంతా ఎలా చెల్లాచెదురుగా పడ్డాయో!

ఇదిగో, అక్కచెల్లెళ్ళ పుస్తకం చివర. దీనికోసం నీ సంచీ వెతికాననే కదా, అట్లకాడ కాల్చి నా చేతి మీద పెట్టావు? బాగుంది తెలుసా ఇది! చెల్లెలు పడవెక్కి బతికి బయటపడిందట, వెనక్కి తిరిగి చూడలేదట. నేనేమో పిచ్చిదాన్ని, నీళ్ళలో మునిగిపోయిందనుకుని అన్నాళ్ళు ఏడ్చాను.

ఇది హత్య కథ. చెత్త. డాక్టరే చంపాడట, ఆ మాట పసిపిల్లాడైనా చెబుతాడు. నేనల్లుకున్న ముగింపే వెయ్యి రెట్లు నయం.

ఏం చెయ్యను మరి, నువ్వు చివర కోసేస్తే నేనే అల్లుకునేదాన్ని. ఏ పుస్తకమైనా సరే, నా ముగింపులో మొగుడే చచ్చేవాడు. గిన్నెలు తోముతూ, నేను పనిచేసే బట్టల షాపులో చొక్కాలకి బొత్తాలు కుడుతూ నిన్ను ఎన్ని రకాలుగా చంపానో! నూతిలోకి తోశాను. రోకలితో తల పగలగొట్టాను. ఒకసారి మీ షాపులో కాగితాలు కోసే మెషీను కింద నీ మెడ పెట్టాను. ఆ పూట నువ్వు అన్నానికి కూర్చుంటే, ఇంకాస్త వేసుకోమని మారు కూడా వడ్డించాను!

తర్వాత మా షాపులో సూపర్‌వైజరక్క ఫోన్లో ఆడియో పుస్తకాలు పెట్టిచ్చింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! మొదటిది చదివినవాడు రైళ్ళ రాకపోకలు చెబుతున్నట్టు చదివాడులే. ముద్దుకీ, చావుకీ ఒకటే రాగం. రెండోదానిలో ఆవిడ మధ్యమధ్య గుటక మింగేది. ఆ గుటక వినపడితే, నా పక్కన మనిషి కూర్చున్నట్టుండేది. నా పక్కన మనిషి కూర్చుని ఎన్నాళ్ళయిందని?

పిలిస్తే పలకలేదని చెవి మీద కొట్టావు. ఎడం చెవి పోయింది. సరేలెమ్మని ఇయర్‌ఫోను కుడి చెవిలో పెట్టుకున్నాను. ఇవాళ పొద్దున్న ఆ ఫోనూ గోడకేసి కొట్టావు. ఈసారి నేను ఏడవలేదు. "దాంట్లో కొయ్యడానికి ఫారం లేదుగా" అన్నాను. అదీ నీకు మండింది.

"నిచ్చెన పట్టుకోవే పండితురాలా, నీకో తమాషా చూపిస్తా" అని ఎక్కావు. ఈ కట్ట బయటికి లాగావు. నా మొహం మీద ఊపి, నవ్వి, జేబులోంచి అగ్గిపెట్టె తీశావు.

ష్... ఎవరో తలుపు కొడుతున్నారు. పక్కింటి పిన్నిగారే.

"ఏం లేదు పిన్నిగారూ! అటక మీంచి పుస్తకాలు పడ్డాయి!"

వెళ్ళిపోయింది. చూశావా? నువ్వు నన్ను కొట్టినప్పుడల్లా ఇదే తలుపు, ఇదే పిన్నిగారు, ఇదే జవాబు. ఇలా చెప్పడం నేర్పింది నువ్వే.

ఏమిటా చూపు, ఫోను వైపా? అద్దం పగిలింది గానీ పనిచేస్తోంది. చేస్తాలే, కంగారుపడకు. చచ్చిపోతే నీకేం, హాయి. నా చేతుల్లో ఇప్పటికే చాలాసార్లు చచ్చావు, నాకేం తృప్తి కలిగింది? నువ్వు బతకాలి.

"హలో, అంబులెన్సాండీ? మావారు అటక మీంచి పడిపోయారండీ. ఆఁ, నిచ్చెన జారింది. ఊపిరుందండీ, కాళ్ళే కదలట్లేదు. తొందరగా రండి బాబూ!"

వస్తున్నారట. వాళ్ళొచ్చేలోపు ఒక మాట చెబుతాను.

నిచ్చెన జారలేదు. నువ్వు అగ్గిపుల్ల గీశావు చూడు, అప్పుడు లాగేశాను. రెండు చేతులా పట్టుకుని, గోడకి కాలు తన్నిపెట్టి మరీ లాగాను. మాటొచ్చాక చెప్పుకో, ఎవరితో చెప్పుకుంటావో. పిన్నిగారిని సాక్ష్యం పిలు. పుస్తకాలు పడ్డాయనే చెబుతుంది ఆవిడ.

ఇక మంచమే కదా నీకు. పొద్దుపోవద్దూ? రోజూ చదివి వినిపిస్తాను. ఆ నాలుగు తరాల లావు నవలతో మొదలెడదాం. చాలా బాగుంటుంది. తర్వాతేమైంది, తర్వాతేమైందని నువ్వే ప్రాణం తీస్తావు చూడు. ఒక్క ముక్క వదలకుండా చదువుతాను.

ఆఖరి ఫారం మాత్రం, నీ పక్కనే కూర్చుని, నాలో నేను చదువుకుంటాను.