లేజరు మూత మీద వేలు

హన్మకొండలోని చిన్న కార్ఖానాలో, టీవీ బొమ్మలను వెలుగుగా మార్చి గాజు తీగలో పంపే నలభై పెట్టెలు లారీకి సిద్ధంగా ఉన్నాయి. పరీక్ష ముద్ర వేయాల్సిన ఆమె మాత్రం పొద్దుటి నుంచి ఒక పెట్టె మూత తీసి నడిపిస్తూ కూర్చుంది. ఆ పెట్టెను డిజైన్ చేసిన ఇంజనీరుకు ఓపిక పోయింది.

"ముద్ర ఎయ్యక్కా, లారీ వచ్చింది."

"ఆ వెలుగునిచ్చే లేజరు సల్లగుండాలె. నువ్వేమో కాలే పవర్ సప్లయిని దాని పక్కకే పెట్టినవ్."

"మూడు దినాలు నడిపి చూసిన. ఏం గాలే."

"ఏడ నడిపినవ్ సారూ?"

"నా రూముల."

"ఏసీల! వర్ధన్నపేట కేబులాయన దీన్ని రేకుల షెడ్డుల పెడ్తడు. ఆయన గూడ నీ లెక్క ఎండాకాలం దుప్పటి కప్పుకుంటడనుకున్నవా?"

"డిజైన్ గురించి నీకేం తెలుసు?"

"ఏం తెల్వదు. అందుకే వేలు పెట్టి చూస్త. లేజరు మూత మీద నువ్వు గూడ పెట్టు, పది లెక్కపెట్టు."

అతను పెట్టాడు. మూడుకే చేయి లాక్కున్నాడు.

"ఇంకా ఏడున్నయ్ సారూ."

"పెట్టెలు పోకపోతే నా నౌకరి పోతదక్కా."

"ఈ పెట్టెలు ఇట్లనే పోతే పగటి ఎండకు టీవీల బొమ్మ ఆగుతది. ఊరంత కేబులాయనను తిడ్తరు. నిన్నెవరు తిడ్తరు, నీ పేరెవరికెరుక?"

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"లారీని వాపసు పొమ్మంట."

"మంచిది. మరి ఆ సప్లయిని జరుపనీకె స్క్రూలు విప్పుడన్న వస్తదా, అది గూడ నేనే నేర్పాల్నా?"