దుబాయిల దూస్త్ దారం

సిరిసిల్లల మగ్గాలు ఆగిన ఏడు దుబాయి పోయి, మొన్ననే తిరిగొచ్చిండు మల్లేశం. దేవవ్వ చాయ దుకాణంల కూసున్నడంటె మాట ఆగది. ఆ పొద్దు ముచ్చట పారసీ భాష మీదికి మళ్లింది.

"ఇరానాయన కొట్ల పనికి కుదిరిన. ఆయన భాష ఒక్క పూటల పట్టేసిన. మనం బట్ట నేసే సాలోళ్లం, దారమంటె మనకొకలు చెప్పాల్నా? ఏదన్న ఇష్టమైతె ‘దూస్త్ దారం’ అనాలె. ఇష్టం లేకపోతె దారం ముంగట ‘న’ పెట్టి ‘దూస్త్ నదారం’ అనాలె. గంతే."

"గంత అల్కగనా?" అన్నడు ఎదురుంగ చాయ తాగుతున్న మొగిలయ్య.

"నోరు తిరగాలె గదనే. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పెండ్లిసూపులకు నన్ను తోల్కపోవుడు మొదలువెట్టిండ్రు. పిల్ల సిగ్గుతోని గొణిగితె, దారమన్నదో నదారమన్నదో ఇని చెప్పెటోన్ని ఆ బజారు మొత్తంల నేనొక్కన్నే. ఇంకో దినం సముద్రంల రెండు ఓడలోళ్లు కొట్లాటకు దిగిండ్రు. నేను ఒడ్డు మీద నిలవడి ‘న’ అని ఒక్క కేక పెట్టిన. ఓడలు ఎనుకకు మళ్లినయ్, వాటెంబడి సముద్రం సుత జరిగింది."

"మరి చేపలో?" అన్నది దేవవ్వ.

"బయటవడి నా దిక్కే సూస్తున్నయ్. గీ సంగతి ఇరాన్ దాక పోతె, ఆడి పండితులు విమానమేసుకొని అచ్చిండ్రు. మల్లేశం సాబ్, మా భాషల ‘న’ ఏడ పెట్టాల్నో మీరే చెప్పుండ్రి అని..."

"మరి వంకాయ ముచ్చట చెప్పవా?"

మల్లేశం గిర్రున ఎనుకకు మళ్లి సూసిండు. ఎనుక బల్ల మీద ఎల్లారెడ్డిపేట సాయన్న కూసున్నడు. దుబాయిల ఇద్దరిది ఒక్కటే రూము. ఆయన ఎప్పుడచ్చిండో సూసుకోనేలేదు.

సాయన్న నిమ్మలంగ చెప్పిండు. "మొదటి దినం ఆ ఇరాన్ సేటు తల్లి వంకాయకూర తెచ్చి ‘దూస్త్ దారి?’ అనడిగింది. ఇష్టమేనా అన్నట్టు. ఈయనకు చిన్నప్పటి సంది వంకాయంటె పడది. బుగులుకు ‘న’ మరిచి ‘దూస్త్ దారం’ అన్నడు. ఇగ ఆమె ఉన్నన్ని దినాలు ప్రతి శుక్రవారం గిన్నెడు వంకాయ తెచ్చింది."

దుకాణమంత నవ్వింది.

"తర్వాతనన్న ‘న’ పెట్టకపోయినవా?" అన్నడు మొగిలయ్య.

మల్లేశం చాయ గిలాస దిక్కు సూసుకుంట అన్నడు. "నేను తినేదాక ముసలామె ఎదురుంగ కూసునేది మొగిలన్నా. ఇంకింత ఏసుకో అన్నట్టు చెయ్యి ఊపేది. ఆ ఊర్ల నన్ను తిన్నవా అని అడిగినోళ్లు ఇంకెవరున్నరు? ఆమె ముంగట ‘న’ అనబుద్ధి కాలె."

దేవవ్వ నవ్వు ఆపుకొని అడిగింది. "మరి ఇప్పుడు తింటవా కొడుకా వంకాయ?"

"ఇప్పటికి సుత ముద్ద దిగది అవ్వా," అన్నడు మల్లేశం. అంటనే తను గుడ నవ్విండు. "గని ఆమె అచ్చి అడిగితె, నేను మళ్ల గదే మాట అంట."