తట్టి లేపే మిషను

అమలాపురంలో ఓ ఆసుపత్రి వరండా. జనార్దన్ లోపల, తెల్లగుడ్డ కింద ఉన్నాడు. బయట బల్ల మీద తల్లి సూర్యకాంతం, పక్కన మెర్సీ. ఊళ్ళో వీళ్ళ పక్కింటి పిల్లే మెర్సీ, ఇక్కడ నర్సు.

"తీయొద్దంటే తీయొద్దు."

"అలాగంటే ఎలాగండి పిన్నిగారూ! పేస్‌మేకరుండగా దహనం చేస్తే నిప్పులో పేలుద్దండి. చిన్న కోతేనండి. డాక్టరుగారు మీ మాట కోసమే ఆగేరు."

"మరి గుండెలో ఆ వాల్వో? ముందు వేసింది అదేగా."

"దానికేం కాదండి. అలాగే ఉంచేయొచ్చు."

"అయితే ఇదీ ఉంచేయండి. పదేళ్ళు పనిచేస్తుందన్నారు. ఏడాదైనా నిండలేదు."

"మిషను బాగానే ఉందండి. గుండే..."

"మిషను బాగుంటే గుండె ఎలా ఆగుద్దే?"

"అది తట్టి లేపుతుందండి, అంతే. లేవాల్సింది గుండె కదండీ. అక్కడ శ్మశానంలో మీ తమ్ముడు బుచ్చిరాజుగారు పుల్లలు పేర్పించేసేరటండి. ఇందాకే ఫోను చేసేరు."

"పెళ్ళిళ్ళకి ఆఖరి బంతికొస్తాడు వెధవ. దీనికి మాత్రం అందరికన్నా ముందు."

"ఊరుకోండి పిన్నిగారూ."

"ఆ మిషనుకి పడదని మావాణ్ణి మిక్సీ దగ్గరికి వెళ్ళనిచ్చేనా? ఎడమ జేబులో ఫోను పెట్టనిచ్చేనా? అల్లవరంలో రొయ్యల చెరువు మీద మోటార్లు చూసుకునే పనొస్తే, వద్దురా నాయనా అని కాళ్ళు పట్టుకున్నానే. ఉరిమితే చాలు, వాణ్ణి లోపలికి లాగి తలుపులేసేదాన్ని."

"తెలుసండి. మా అమ్మ నవ్వేది కూడానండి."

"జ్వరమొస్తే మటుకు... జ్వరమే కదా అనుకున్నాను. మిరియాల కషాయం కాచిచ్చేను. అన్నిటికీ భయపడ్డాను మెర్సీ, ఆ ఒక్కదానికీ భయపడలేదే!"

"వాల్వుకి చీము పట్టి వచ్చిన జ్వరమని మీకెలా తెలుస్తుందండి?"

"గోడవతల నువ్వున్నావు. ఓ కేకేస్తే పోయేది."

"అలా అనకండి పిన్నిగారూ."

"ఇప్పుడూ తడుతోందా?"

"ఏదండి?"

"అదేనే. వాడి లోపల. ఇప్పుడూ?"

"కాస్త మొహం కడుక్కోండి. నీళ్ళు తెస్తానుండండి."

"ప్రార్థన చేసుకునే పిల్లవి. అబద్ధమాడకు."

"ఆయ్... తడుతుందండి. దానికి తెలీదు కదండీ, అన్నయ్య లేరని. వెళ్ళి తీసేయమని డాక్టరుగారికి చెప్పనాండి?"

"డాక్టరుగారికి కాదు. మీ పాస్టరుగారికి ఫోను చెయ్యి. మీరు కాల్చరు, మట్టిలో పెడతారుగా... మీ సమాధుల దొడ్లో మావాడికింత చోటిస్తారేమో అడుగు."