హన్మమ్మ చేతికి ఆనని పోగు

ఏందే నవనీతా, ఆ సెల్లు పక్కకు వెట్టి మళ్ల చెప్పు. మనిషి ఒంట్ల డీఎన్ఏ అని రెండు పోగులు మెలేసుకొని ఉంటయ్, ప్రోటీన్ అనేది వచ్చి ఆ పురి విప్పకుండనే సందులకెళ్లి అంచులు తడిమి ఏ అక్షరమో గుర్తువడ్తది, గంతేనా? ఈడ హైడ్రోజన్ ఇచ్చేది ఉంటె ఆడ తీసుకునేది ఉండాలె, ఒక్క కాడ పట్టు దొరికితె చాలదు, రెండు మూడు కాడ కుదిరితెనే ఆగుతది, లేకుంటె జారిపోతది... మా అత్త హన్మమ్మ చేతులు గిట్లనే ఉంటుండె బిడ్డా. అమ్మవారు పోసి కండ్లు పోయినయ్ ఆమెకు. అయినా గద్వాల్ల మా గల్లీకి మగ్గం మీది నిలువు పోగులు, పడుగు, అతకాలంటె ఆమెనే. పాత పడుగు కొసకు కొత్తది పోగు పోగు కలపాలె గద, ఒకరు అందిస్తె ఒకరు మెలేస్తరు. ఆమెకు కొడుకే అందిస్తుండె. ఆ కొడుకే నా పెనిమిటి. ఇద్దరి నడుమ మాట ఉండకపోతుండె. ఒకసారి నేను అందియ్యవోతె "నీ చెయ్యి తియ్యి పిల్లా, పోగు బెదురుతుంది" అన్నది.

పెండ్లైన ఏడాదే ఆయన మేస్త్రీ ఎంబడి డ్యాం పనికి పోయిండు. ఏండ్లాయె, జాడ లేదు. బొట్టు ఉంచుకోవాల్నా తియ్యాల్నా తెల్వకపాయె నాకు. ఒకనాడు మిట్ట మధ్యాన్నం వచ్చి వాకిట్ల నిలవడ్డడు. గదే గొంతు, గదే నడక, గడ్డం మీద గదే గాటు. మా అత్త మరిది చిన్నయ్య మామ "వీడు గాక ఇంకెవడు, గా వంకర నవ్వు చూడుండ్రి" అని బెల్లం పంచిండు. మా అత్త మగ్గం కాడ కూసొని "రా బిడ్డా, అందియ్యి" అన్నది.

ఆమె ఇచ్చే కాడ ఆయన గూడ ఇస్తుండు. ఆమె తీసుకునే కాడ ఆయన గూడ తీసుకుంటుండు. పోగు నడుమల జారిపడ్తుంది. మళ్లొకటి. అదీ అంతే. ఆమె నన్ను దగ్గరికి గుంజుకొని నా చెవుల అన్నది: "అంత వాని లెక్కనే ఉన్నడు, పట్టు దొరుకుతలేదు. ఇది నా కొడుకు చెయ్యి కాదు. రాత్రికి నీ తలుపేసుకో."

"కండ్లతోని మతి గూడ పోయింది ముసల్దానికి! రాళ్లు మోస్తె చేతులు మారయా?" అని మామ ఒకటే కోపం. నేను గూడ గదే అన్న. ఇంట్ల మొగోని గొంతు ఇనక ఎన్నేండ్లాయెనో నాకు. అత్త పానం పోయేటప్పుడు ఆ వచ్చినాయన నీళ్లు తాపవోతె, ఆ వేలు పెదవికి తగలంగనే నోరు గట్టిగ మూసుకున్నది హన్మమ్మ. మళ్ల తెరవలె.

మీ నాయిన ఆయన వచ్చినంక పుట్టినోడే. ఏందట్ల చూస్తవ్? పరీక్షనా? ఎవ్వరి నెత్తురు ఎవ్వరితోని కలిపి చూస్తవే పిల్లా... అగో, మీ తాత చాయ్ అడుగుతుండు. పో, ఇచ్చి రా. చేతికియ్యకు. అరుగు మీద వెట్టి రా.