నిలబడమంటే నిలబడే చుక్క

గుడ్డ కత్తిరించేటప్పుడు టైలర్ మాస్టారంత పొదుపరి ఈ భూమ్మీద లేడు. చొక్కా గుడ్డలో చొక్కా తీసి, మిగిలినదాంట్లో పిల్లవాడి లాగూ తీసి, ఇంకా మిగిలిన పేలికలో దిండుగలీబు తీసేవాడు. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం తానుకి తాను విప్పి వీధి చివరిదాకా పరిచేసేవాడు. ఆయన మాటలు తొక్కకుండా ఆ వీధిలో నడిచినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమూ అంతే. షాపు ముందు పై మెట్టు మీద మాస్టారు. కింది మెట్టు మీద టీ గ్లాసుతో పక్క కొట్టు కళ్ళజోళ్ళాయన. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఇంటి యజమానురాలు పిన్నిగారు. ఆవిడ కూర్చుంటే ఆ కుర్చీ ఊపిరి బిగబట్టేది. లోపల మాస్టారి భార్య కాజాలు కుడుతోంది గానీ, చెవులు రెండూ బయటే ఆరేసుకుంది.

పిన్నిగారు ఊరికే వచ్చి కూర్చోలేదు. ఆవిడ కొంగున మేడ తాళంచెవి ముడేసి ఉంది. చాలాకాలంగా అది మాస్టారి దగ్గరే ఉండేది. ఫోన్లో చూసి, మేడెక్కి, ఉపగ్రహాలు పోతుంటే చూస్తున్నానని ఆయన చెప్పేవాడు. ఇప్పుడెవరో ఒకాయన వచ్చి అదే మేడ మీద పావురాలు పెంచుకుంటానన్నాడు. పిన్నిగారు తాళంచెవి వెనక్కి తీసేసుకుంది. "పావురమైతే నా కంటికి కనబడుతుంది అబ్బాయ్, నీ ఉపగ్రహం కనబడదే" అంది. చివరికి బేరం కుదిరింది. ఇవాళ సందెవేళ, మాస్టారు చెప్పిన టైముకి, ఒక్కటంటే ఒక్కటి ఆవిడకి చూపించాలి. చూపిస్తే తాళంచెవి ఆయనది. లేకపోతే రేపు పొద్దున్నే పావురాలు దిగుతాయి.

వెలుగు ఇంకా పోలేదు. ఖాళీగా కూర్చోవడం మాస్టారి ఒంటికి పడదు. మొదలుపెట్టాడు. చాలా అణకువగా మొదలుపెట్టాడు. అబద్ధానికైనా ముందు కచ్చాకుట్టు వేసుకోవాలని ఆయనకి తెలుసు.

"నేనేం పెద్ద ఘనకార్యం చెయ్యలేదండీ. ఫోన్లో ఒక పేజీ ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఏ ఉపగ్రహం ఎప్పుడొస్తుంది, ఏ దిక్కునుంచొస్తుంది, ఎంత ఎత్తున పోతుంది, అన్నీ ముందే రాసిపెడతారు, బస్సుల టైములు రాసినట్టు. ప్యాంటు అంచు మడుస్తూ తలెత్తాను, స్పేస్ స్టేషన్ పోతోంది. చూశాను. అంతే."

"అంతేనా మాస్టారూ?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

అనకుండా ఉండాల్సింది. ఆ మాటతో మాస్టారి కాలు మిషను పెడలు మీద పడింది.

అంతే ఎందుకవుతుంది? పేజీలో రాసినదానికంటే ఆ స్టేషను రవ్వంత ఆలస్యంగా వచ్చిందట. మీ లెక్కలో ఎక్కడో సందు పడింది, చూసుకోండని ఈయన వాళ్ళకి రాశాడట. వాళ్ళు చూసుకుని నాలిక్కరుచుకుని, మీరే లేకపోతే మా పరువేమయ్యేది మాస్టారూ అని బదులు రాశారట. ఏ భాషలో రాశారు నాయనా అని పిన్నిగారు అడిగింది. లెక్కలకి భాషేమిటండీ అని ఆ ప్రశ్నని మడతపెట్టి పక్కన పడేశాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉత్తి కంటితో చూస్తే ఏం సరదా అని, గుడ్డ తాను మధ్యలో ఉండే అట్టగొట్టం తీసుకుని, దాని చివర కళ్ళజోళ్ళాయన ఇచ్చిన అద్దం బిగించాడట. అది గీతలు పడిందని నేను పారేసింది కదా అని కళ్ళజోళ్ళాయన గొణిగాడు. ఆ గీతలే అక్కరకొచ్చాయట. వాటిని టేపు మీది గీతల్లా వాడుకుని స్టేషను పొడుగూ వెడల్పూ కొలిచేశాడు. కొలుస్తుంటే కిటికీ కనబడింది. కిటికీలో మనిషి. మనిషి ఒంటిమీద బట్ట. ఆ బట్టకి, అంటూ మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు, చంక దగ్గర కుట్టు విడిపోయింది.

"అంత గొప్పవాళ్ళు, అంత పైకి పంపిస్తారు, చంకలో ఓ పట్టీ వెయ్యరండీ. చెయ్యెత్తితే చిరగదూ?"

పిన్నిగారికి అయోమయంగా ఉంది. కింద నుంచి చూస్తే చంక ఎలా కనబడుతుందని ఆవిడ సందేహం. నన్ను చూసి చెయ్యెత్తాడు కదండీ అన్నాడు మాస్టారు. ఆవిడ ఔనౌను అని తలూపి, ఎందుకూపానా అని మళ్ళీ ఆలోచనలో పడింది.

ఇక ఆయన్ని పట్టేవాళ్ళెవరు? మిషను లైటు తీసి అటూ ఇటూ ఊపాడట. పైనున్నాయన సైగ గ్రహించి చేతులు బారజాపి నిలబడ్డాడట. వెనక్కి తిరగమంటే తిరిగాడట. కొలతలు అయ్యేదాకా ఆగవయ్యా అంటే మొత్తం స్టేషనే ఆగిపోయిందట. నిలబడమంటే నిలబడింది! అవతల వేరే ఊళ్ళవాళ్ళు ఇంటర్నెట్టులో ఒకటే గగ్గోలు, మా నెత్తిమీదికి రావలసింది ఇంకా రాలేదేమిటని. మరి పైనున్నాయన కుట్టుకోవాలంటే దారం కావాలి కదా. గాలిపటానికి కట్టి వదిలితే పైనుంచి లాగారు. రీలు అయిపోయింది. ఇంకోటి ముడేశాడు. తెల్లది అయ్యాక నల్లది, నల్లది అయ్యాక గులాబీది. డబ్బా డబ్బా ఖాళీ. ఇప్పటికీ ఆ స్టేషను వెనకాల గులాబీ దారం వేలాడుతోందట. దాన్ని చూసిన శాస్త్రవేత్తలు కొత్త తోకచుక్కని పేరు పెట్టబోతే, తొందరపడకండి, అది నా దారమేనని ఈయనే ఫోను చేసి ఆపాడట.

"ఆ దారాల డబ్బా మీరు బస్సులో మరిచిపోయొచ్చారు" అంది లోపలినుంచి భార్య.

"అది ఏ బస్సనుకున్నావే మరి? ఆ పైన తిరిగేదే!" అన్నాడు మాస్టారు.

కళ్ళజోళ్ళాయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చిక్కుపడిన దారంలా ఉంది ఆయన బుర్ర. ఇందులో నిజమెంతో విడదీద్దామంటే కొస చిక్కడం లేదు. బస్సు నిజమా, డబ్బా నిజమా, అసలు అద్దం తనే ఇచ్చాడా?

కానీ ఆ మెట్ల మీద అందరికంటే అయోమయంలో ఉన్నది మాస్టారే. ఆయన ఇంతవరకూ స్పేస్ స్టేషన్ని చూడలేదు. చూడాలనుకోలేదా అంటే, కళ్ళు కాయలు కాశాయి. పేజీ చెప్పిన టైముకి, పేజీ చెప్పిన దిక్కుకి మెడ తిప్పి, ఊపిరి తీసుకోకుండా నిలబడేవాడు. ఏమీ వచ్చేది కాదు. ఒకసారి ఏదో మిణుకుమంటూ వస్తే పిట్టగోడదాకా పరిగెత్తాడు. తీరా చూస్తే విమానం, ఎర్రలైటుతో సహా. కిందికొస్తే భార్య, కనబడిందా అని అడిగింది. కనబడకేం అన్నాడు. ఆ ఒక్క మాటనీ నిలబెట్టడానికి రెండో మాట, దాన్ని నిలబెట్టడానికి చంకలో చిరుగు.

అదే పేజీ కింద లోకంలోని మనుషులందరూ రాసేవారు, ఇవాళ చూశాం, ఎంత బాగుందోనని. అందరికీ కనబడేది తన ఒక్కడికే ఎందుకు మొహం చాటేస్తోందో ఆయనకి అంతుబట్టేది కాదు. కళ్ళేమైనా తగ్గాయేమోనని పక్క కొట్టులో పరీక్ష కూడా చేయించుకున్నాడు. సూదిలో దారం ఎక్కించే కళ్ళకి ఏ జబ్బూ లేదన్నాడు కళ్ళజోళ్ళాయన. ఒక్కసారి కనబడితే చాలు, ఇన్ని అబద్ధాలనీ తగిలించుకోడానికి ఒక కొక్కెం దొరుకుతుంది. మేడే పోతే ఆ కొక్కెం ఇక ఎక్కడా దొరకదు.

వీధిలైట్లు వెలిగాయి. అందరూ లేచారు. కళ్ళజోళ్ళాయన కుర్చీ నెత్తినెట్టుకున్నాడు. పిన్నిగారు మెట్టుమెట్టుకీ ఒక దేవుణ్ణి పిలుస్తూ ఎక్కితే, పైకి చేరేసరికి ముక్కోటి దేవతల్లో ఒక్కరూ మిగల్లేదు. కుర్చీ ఎటు పెడితే అటే కూలబడింది. కాజాలు అవతల పారేసి భార్య కూడా పైకొచ్చింది.

మాస్టారు ఫోన్లోకి చూసి దక్షిణం వైపు చెయ్యి చాపాడు. టైమైంది. అందరూ అటే చూశారు, మెడ తిప్పలేని పిన్నిగారు తప్ప. ఒక గబ్బిలం పోయింది. దూరంగా ఒక విమానం పోయింది. ఆ తర్వాత ఆకాశం, ఉతికి ఆరేసిన దుప్పటిలా, ఖాళీగా ఉండిపోయింది.

పెద్దవాళ్ళున్నారని మర్యాదకి వెనకాడుతోందన్నాడు మాస్టారు. ఇంకాసేపటికి, బహుశా దారం దేనికో చుట్టుకుని ఉంటుందన్నాడు. పిన్నిగారు కొంగు ముడి విప్పి, తాళంచెవి అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది.

కళ్ళజోళ్ళాయన జాలిపడి ఫోను అందుకున్నాడు. పేజీ అంతా కిందికీ పైకీ జరిపి, పైన ఒక చోట ఆగి, ఈ నీలం పెట్టె ఏమిటని అడిగాడు. ఆకాశం బొమ్మ అన్నాడు మాస్టారు. ఆకాశం గురించిన పేజీలో నీలంగా ఉన్నది ఆకాశం కాక ఇంకేమిటని ఆయన ధీమా. కళ్ళజోళ్ళాయన ఆ పెట్టెలో బొమ్మ చిన్నదయ్యేలా రెండు వేళ్ళతో దగ్గరికి నొక్కాడు. ఇంకా నీలమే. మళ్ళీ నొక్కాడు. నీలమే. మళ్ళీ నొక్కితే ఒక మూలన ఎక్కడిదో నేల అంచు బయటపడింది.

"ఇది ఆకాశం కాదు మాస్టారూ, సముద్రం. మీరు నడిసముద్రంలో నిలబడ్డారని ఈ పేజీ అనుకుంటోంది."

సంగతేమిటంటే, మొదటిరోజే ఆ పేజీ, మీరున్న చోటు తెలుసుకోవచ్చా అని మర్యాదగా అడిగింది. ఆ ఇంట్లో ఫోను ఏమడిగినా వద్దు అనే నొక్కాలి. భార్య పెట్టిన కట్టుబాటు అది. ఒకసారి ఆవిడ సరే అని నొక్కితే ఫోను వారంపాటు సబ్బు ప్రకటనల పాటలు పాడింది. ఊరూ పేరూ చెప్పని మనిషిని ఏం చెయ్యాలో తెలియక, ఆ పేజీ ఆయన్ని తీసుకెళ్ళి, భూగోళం మీద అడ్డగీతల్లో సున్నా, నిలువుగీతల్లో సున్నా కలిసేచోట, ఉప్పునీళ్ళలో నిలబెట్టింది. అప్పటినుంచీ చెప్పిన టైములూ దిక్కులూ అన్నీ అక్కడివే.

"అయితే ఇన్నాళ్ళూ చేపలకి టైము చూసి మా మేడెక్కావన్నమాట" అంది పిన్నిగారు.

మాస్టారు ఫోను అందుకుని, ఆ నీలాన్ని తనూ ఒకసారి నొక్కి చూశాడు.

భార్య ఫోను తీసుకుంది. వేడి ఇస్త్రీపెట్టెని తాకి చూసినట్టు ఒక వేలు అటూ ఇటూ ఆడించి, ఆ పాత ప్రశ్న మళ్ళీ బయటికి తెప్పించి, కళ్ళు మూసుకుని సరే అని నొక్కింది. నీలం పెట్టెలో నీలం పోయి వీధులొచ్చాయి. కింద వరసలన్నీ తారుమారై, కొత్త టైములు, కొత్త దిక్కులు దిగాయి. అందరూ ఆ వెలుగులోకి తలలు దూర్చి, మొదటి వరస చదవడానికి తంటాలు పడుతున్నారు.

"అదేమిట్రా నాయనా?" అంది పిన్నిగారు.

ఆవిడ కుర్చీ మొదటినుంచీ పడమటివైపే ఉంది. అందరూ వెనక్కి తిరిగారు.

నీళ్ళ ట్యాంకు పక్కనుంచి ఒక తెల్లని వెలుగు లేస్తోంది. మిణుకుమనడం లేదు, చప్పుడు లేదు, తొందర లేదు. మంచి కత్తెర పట్టుగుడ్డలోకి, ఆడించే పని లేకుండా, దానంతటదే జారిపోయినట్టు ఆకాశంలో జారుతూ పైపైకి వచ్చింది. ఆ పేటలో వెలిగించిన దీపాలన్నీ కలిపినా దాని కాలిగోటికి సరిపోవు. నడినెత్తికి వచ్చింది. నలుగురి మెడలూ నిలువునా వెనక్కి వాలాయి. కుర్చీ వెనక్కి తూలబోతే కళ్ళజోళ్ళాయన పట్టుకున్నాడు. తూర్పుకి దిగుతూ దిగుతూ, సగం దారిలో కాస్త ఎర్రబడి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

ముందుగా వినబడినది మాస్టారి గొంతే. ఎవరికోసమూ అన్న మాట కాదది.

"ఉందే. నిజంగానే ఉందే."

కళ్ళజోళ్ళాయన విన్నాడు. నవ్వలేదు. భార్య కూడా విన్నది. ఫోను ఆయన జేబులో పెట్టి, జేబు మీద ఒకసారి చేత్తో తట్టింది.

పిన్నిగారు తాళంచెవిని మళ్ళీ కొంగుకే ముడేసుకుంది. మాస్టారి మొహం వాడిపోయింది.

"పావురాలాయన్ని ఇంకో మేడ చూసుకోమంటాలే. కానీ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నీకిస్తే ఒక్కడివే చూసొచ్చి మాకు పదింతలు చేసి చెబుతావు. మళ్ళీ ఎప్పుడొస్తుందో చూసి నన్ను పిలువు. నేనూ చూస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవచ్చు."

అని లేచి, మెట్లు దిగుతూనే చెల్లెలికి ఫోను కలిపింది. కుర్చీ ఎత్తుకుని వెనకాలే మాస్టారు. పై మెట్టు దగ్గర ఆవిడ మాటల్లో అది టార్చిలైటంత ఉంది. మలుపు తిరిగేసరికి గుమ్మడికాయంత అయింది. కింది అంతస్తుకి వచ్చేసరికి నీళ్ళ ట్యాంకుని ఒరుసుకుంటూ పోయింది, ఆ గాలికి పిన్నిగారి జుట్టు ముడి ఊడిపోయింది. వాకిట్లోకొచ్చేసరికి స్టేషను లోపలివాళ్ళు కిటికీ తలుపు తీసి, పెద్దావిడా బాగున్నారా అని పలకరించేశారు.

మాస్టారు ఓర్చుకున్నాడు. కుర్చీ దించాడు. గొంతు సవరించుకుని, ప్యాంటు పొడుగు సరిపోదని పాత గిరాకీకి చెప్పినంత మెత్తగా చెప్పాడు.

"అంత కిందికి రాలేదండీ పిన్నిగారూ."